ఖాకీ కవరా, తెల్ల కవరా

మొన్న ఆదివారం మా చర్చి సంఘం కుర్రాళ్ళు నా ఫోనుకు నాలుగు రంగుల కవర్ల బొమ్మలు పంపించి, జబ్బుపడిన వాళ్ళ సహాయనిధికి చందాలు పోగుచేయడానికి ఏది బాగుంటుందో చూసి నచ్చినదాని మీద బొటనవేలు నొక్కండి అంకుల్ అన్నారు. నేను కళ్ళజోడు వెతుక్కుని, అది నెత్తి మీదే ఉందని కనిపెట్టి, ముక్కు మీదికి దించుకునే లోపల ఊరంతా నొక్కేసింది, లేత గులాబి రంగు కవరు గెలిచింది, ఓడిపోయిన కవర్ల తాలూకు వాళ్ళు కూడా చప్పట్ల బొమ్మలు పెట్టేసి ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఒక్క తల పగల్లేదు. ఒక్క చొక్కా చిరగలేదు. కనీసం ఒకడు ఇంకొకడి తాతను తలుచుకోలేదు. అంత ముఖ్యమైన విషయం అంత నీరసంగా తేలిపోవడం చూసి నాకు ఆ పూట అన్నం సయించలేదంటే, మా ఆవిడ వంకాయ బాగా వేగలేదేమో అనుకుంది గానీ, అసలు సంగతి ఎనభైల్లో మా పేటలో ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. పల్నాటి యుద్ధం కోడిపందెంతో రాజుకుందని చెప్పుకుంటారు కదా, కోడికి కనీసం ముక్కూ గోళ్ళూ ఉంటాయి. మా యుద్ధం ఉత్త కాగితం కవరుతో రాజుకుంది.

మా ఊరు మార్టూరుకీ చిలకలూరిపేటకీ మధ్య రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే నల్లరేగడి ఊరు. వానాకాలంలో దిగబడిన చెప్పు ఎండాకాలంలో నెర్రెలు విచ్చాకగానీ బయటపడేది కాదు, అప్పటికి దాని జత ఇంకో ఊళ్ళో పెళ్ళి చేసుకుని ఉండేది. పత్తి తీతలైతే మిరప కోతలు, మిరప కోతలైతే కొట్లాటలు, ఇదీ మాకు తెలిసిన వ్యవసాయం. ఏడాదంతా గొడ్డుకారం తిని, ఆ ఘాటు పీల్చి, ఆ కాయలు ఆరబోసిన చోటే పడుకునే మనుషులకు మెత్తగా మాట్లాడటం ఎక్కణ్ణుంచి వస్తుంది? పెళ్ళిలో పప్పులో ఉప్పు తగ్గితే ఒక తల, కబడ్డీలో గీత దాటాడా లేదా అంటే రెండు తలలు, ఎన్నికలొస్తే మార్టూరులో కుట్లు వేసే కాంపౌండరు ముందుగానే దారం ఉండలు తెప్పించి పెట్టుకునేవాడని చెప్పుకునేవాళ్ళు. ఇందులో అతిశయోక్తి ఏమైనా ఉంటే అది దారం ఉండల దగ్గరే గానీ తలల దగ్గర లేదు.

అలాంటి ఊళ్ళో అందరికన్నా బలమైనవాడు మా బావ, అంటే మా మేనత్త కొడుకు. పత్తి కుక్కిన బోరేన్ని ఒక్కడే వీపుకెత్తుకుని, దారిలో ఎదురైనవాళ్ళతో కబుర్లు చెబుతూ నిలబడేవాడు. ఎదుటివాడికి బరువనిపించి వెళ్ళిపోవాలిగానీ తనకు అనిపించేది కాదు. ఆ బావ జిన్నింగు మిల్లులో పనిలో ఉండగా పత్తిని లాక్కునే రోలర్లు ముందు చొక్కా చేతిని పట్టుకున్నాయి, తర్వాత కుడిచేతిని పట్టుకున్నాయి. మోటారు ఆపేలోపల మణికట్టు దాకా నమిలేశాయి. తెల్లటి పత్తి మీద ఆ రక్తం ఎంత దూరం చిమ్మిందో చూసినవాళ్ళు చెబుతుంటే, ఏ విషయాన్నైనా పదింతలు చేసి చెప్పే నా బోటివాడికి కూడా దానికి ఒక్క ఇంచీ కలపబుద్ధి కాలేదు. మిల్లువాళ్ళు రిక్షా కట్టించి, జాగ్రత్త లేకపోవడం వాడి తప్పేనని గుమస్తా చేత చెప్పించి చేతులు దులుపుకున్నారు. గుంటూరు పెద్దాసుపత్రిలో కుట్లు వేసి పంపించాక పుండు రంగు మారింది. ఎముకల డాక్టరు చూసి, వచ్చే శనివారం లోపల ఇంకో ఆపరేషను చేయిస్తే మోచెయ్యి కింద ముంజేయి నిలబడొచ్చు, లేకపోతే పైకంటా తీసెయ్యడమేనన్నాడు. మామయ్య పోయి చాలా కాలమైంది. అత్తకు ఉన్న ఆస్తి ఆ కొడుకు, కొడుక్కున్న ఆస్తి ఆ చెయ్యి.

కాబట్టి సంఘం కూర్చుని ఇంటింటికీ కవర్లు పంచాలని, పేటతో పాటు ఊళ్ళో రైతుల ఇళ్ళకు కూడా ఇచ్చి, గురువారం నాటికి వెనక్కి తీసుకుని గుంటూరు పరిగెత్తాలని తీర్మానించింది. ఆ తీర్మానం వరకు అందరూ ఏసుప్రభువు గొర్రెపిల్లల్లాగానే ఉన్నారు. ఎలాంటి కవరు అనే మాట ఎత్తేసరికి కొమ్ములు మొలిచాయి.

మా పెద్దనాన్న, అంటే మేనత్తకు స్వయానా అన్న, సంఘ పెద్ద. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, మన జిల్లాలో చీకట్లో దానం చేసినవాడు పుట్టలేదు, పుట్టబోడు. పెళ్ళిలో చదివింపులు ఎందుకొస్తున్నాయి? పక్కన మైకు పెట్టి, ఫలానావారి బావమరిదిగారు ఇంత అని పొలం గట్ల దాకా వినబడేట్టు చదువుతారు కాబట్టి వస్తున్నాయి. మైకు తీసెయ్, అప్పుడు చూడు, అందరూ అక్షింతలేసి భోజనాల బంతిలో కూర్చుంటారు. కాబట్టి కవరు పల్చగా ఉల్లిపొరలాగా ఉండాలి. పైన ఇచ్చినవాడి పేరు, లోపల నోటు రంగు, రెండూ కనబడాలి. చర్చిలో దండెం కట్టి వాటిని వరసగా వేలాడదీస్తే, అయిదు రూపాయల ఆకుపచ్చ పక్కన నూరు రూపాయల నీలం రెపరెపలాడుతుంటే, ఆకుపచ్చవాడు సిగ్గుపడి ఇంటికెళ్ళి నీలం తెస్తాడు. మేనల్లుడి చెయ్యి నిలబడాలంటే ఇదొక్కటే దారి అని ఆయన గుండెల మీద చెయ్యేసుకుని నమ్మాడు.

అత్త దానికి అడ్డం తిరిగింది. ఆవిడకు ఖాకీ కవరే కావాలి, అదీ దళసరిది, సూర్యుణ్ణి తెచ్చి వెనకాల నిలబెట్టినా లోపలిది కనబడనిది, చిల్లర వేసినా చప్పుడు కానిది. పైన పేరు ఉండకూడదు. అందరికీ వింతగా ఉండేది, కొడుకు చెయ్యి పోతుంటే తక్కువ పైకం తెచ్చే కవరు అడుగుతుందేమిటి ఈ మనిషి అని. ఆవిడ అన్నగారితో అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది.

“రూపాయి ఇవ్వగలిగింది రూపాయే ఇస్తుంది అన్నయ్యా. దాని రూపాయిని దండేనికి వేలాడదీస్తే, రేపు అది నా పక్కన నిలబడి కాయ కోయగలదా?”

మాట పట్టింపు వచ్చాక అన్నాచెల్లెళ్ళు ఎంత దూరమైనా పోతారు కాబట్టి, ఎలిమెంటరీ స్కూల్లో కొత్తగా అయ్యవారిగా చేరి, కాగితం గురించి తెలిసినవాణ్ణని పేరుపడ్డ నన్ను, ఇద్దరూ విడివిడిగా పిలిచి గుంటూరు నుంచి మచ్చు తెమ్మన్నారు. ఆ కాగితాల షాపులో నేను పెట్టిన హడావుడికి షాపాయన నన్ను నోట్ల ముద్రణాలయం నుంచి వచ్చిన అధికారి అనుకుని కూల్‌డ్రింకు తెప్పించాడు. తెల్ల కవర్లను ఒక్కొక్కటే ట్యూబులైటు కేసి ఎత్తి, లోపల అయిదు రూపాయల నోటు పెట్టి, దాని మీద దున్నుతున్న ట్రాక్టరు కనబడుతోందో లేదో చూశాను. ఒక రకంలోనైతే ట్రాక్టరు నడిపేవాడి తలపాగా కూడా కనబడిందని నా నమ్మకం. ఖాకీ కవర్లలో చిల్లర పోసి చెవి దగ్గర ఆడించాను. బంక ఎలా అంటుకుంటుందో తెలుసుకోవడానికి ఎన్ని కవర్ల మూతులు నాకానంటే, ఆ రోజు సాయంత్రం బస్సులో నా పై పెదవి కింది పెదవికి అతుక్కుపోయి కండక్టరు అడిగితే ఊరి పేరు సైగలతో చెప్పాల్సి వచ్చింది. చివరికి తెల్లవొక కట్టా, ఖాకీవొక కట్టా చంకన పెట్టుకుని ఊళ్ళో దిగాను. ఒక చంకలో నిప్పు, ఒక చంకలో పెట్రోలు పెట్టుకున్నవాడు కూడా అంత ధీమాగా దిగి ఉండడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే మీటింగు. మా చర్చికి ప్రహరీ లేదు, ఆవరణ దిగితే మిరపకాయల కల్లమే. కోసిన కాయంతా ఎర్ర దుప్పటి పరిచినట్టు ఎండుతోంది. ఈస్టరు పందిరికని తెచ్చిన సరుగుడు కర్రలు గోడవారన పేర్చి ఉన్నాయి. పాస్టరుగారు మెత్తని మనిషి, ఏలూరు వైపు నుంచి కొత్తగా వచ్చారు, కాబట్టి ఆ కర్రలను అక్కడ పెట్టనిచ్చారు. మా ఊరివాడైతే పందిరి వేసేదాకా వాటిని బావిలో దాచేవాడు. బావ గోడ నీడలో బల్ల మీద, కట్టు కట్టిన చేతిని పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. తన చెయ్యి గురించి ఇంత మంది మాట్లాడుతుంటే వింటూ ఉండటం అతనికి కొత్త. 

పెద్దనాన్న తెల్ల కవర్లో నోటు పెట్టి ఎండకేసి ఎత్తి అందరికీ చూపించాడు. సగం మంది తలలూపారు. ముఠా మేస్త్రీ అయిన మా మేనమామ లేచి, ఆమె చెప్పిందే న్యాయం, కూలీనాలీ చేసుకునేవాళ్ళ పరువు దండేల మీద ఆరేసుకోవడానికి ఇదేమన్నా చాకిరేవా, ఖాకీ కవరే కానివ్వండి అన్నాడు. మిగతా సగం మంది తలలూపారు. అప్పటికీ మించిపోయింది లేదు. కానీ మా అన్నయ్య, అంటే పెద్దనాన్న పెద్దకొడుకు, గుంటూరు యార్డుకు మిరపకాయల లారీ తోలేవాడు, నోరు లారీ కన్నా జోరుగా పోయేది, బ్రేకులు తక్కువ. వాడు కూర్చున్నచోటి నుంచే అన్నాడు: “నీకు ఖాకీ కాక ఏం కావాల్లే మామా, నీ కవర్లో ఉండేది గాలేగా.”

 మేనమామ తను కూర్చున్న బల్లను, దాని మీద కూర్చున్న ఇద్దరితో సహా, పైకెత్తాడు.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పమంటే చెప్పలేను. బల్ల అన్నయ్య భుజం మీద విరిగింది. అన్నయ్య తల పెట్టి మేనమామ పొట్టలో కుమ్మాడు. తెల్ల కవర్లవాళ్ళు ఒక పక్కా ఖాకీ కవర్లవాళ్ళు ఒక పక్కా మోహరించారు, ఏ పక్కా లేనివాళ్ళు చేతికి దొరికినవాణ్ణి కొట్టి తర్వాత పక్క ఎంచుకున్నారు. నేను మోసుకొచ్చిన కవర్లు రెండు రకాలూ కలిసిపోయి పావురాల గుంపులా లేచాయి. ఎవరి పంటి కింద ఎవరి చెవి ఉందో ప్రభువుకే తెలియాలి. పాస్టరుగారు శాంతి శాంతి అంటూ మధ్యలోకి వచ్చి, రెండు పక్షాల నుంచీ చెరొకటి తిని, తెల్లంగీ మీద ఎర్రచుక్కలతో చర్చిమెట్ల మీద కూలబడ్డారు. ఎవడో కర్రల గుట్ట కట్లు విప్పాడు. సరుగుడు కర్ర మనిషి ఎముక మీద పడితే వచ్చే చప్పుడు వేరు, అది నవ్వులాటకు పనికొచ్చేది కాదు. ముక్కు దూలం విరిగి ఒకడు తన రక్తాన్ని తనే దోసిట్లో పట్టుకుని, దాన్నెక్కడ పోయాలో తెలియనట్టు నిలబడటం నేను చూశాను. కొట్లాట అట్లా అట్లా ఆవరణ దిగి కల్లంలోకి పోయింది.

ఎండిన మిరపకాయల మీద అన్ని కాళ్ళు ఒక్కసారిగా తొక్కితే ఏమవుతుందో మీలో కారం మిల్లు ముందు నుంచి నడిచినవాళ్ళు ఊహించుకోండి, ఊహించుకున్నదాన్ని వందతో హెచ్చవేసుకోండి. ఎర్రటి దుమ్ము మబ్బులా లేచింది. దగ్గులు, తుమ్ములు, ఏడుపులు. శత్రువు మీదికి కర్ర ఎత్తినవాడు తుమ్మొచ్చి సొంత తమ్ముణ్ణి కొట్టాడు. కళ్ళు మూసుకుని కొట్టేవాళ్ళు, కళ్ళు మూసుకుని తినేవాళ్ళు. అందరి మొహాల మీదా ధారలు కట్టిన కన్నీళ్ళు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఏదో గొప్ప పశ్చాత్తాపం జరుగుతోందనిపించేది.

బావ ఎప్పుడు బల్ల మీద నుంచి లేచాడో ఎవరూ చూడలేదు. ఎడమచేత్తో కుడిచేతిని గుండెకు అదుముకుని ఆ దుమ్ములోకి నడిచాడు. ఆపండిరా అనే అతని గొంతు మాత్రం అందరికీ వినిపించింది, పేటలో అంత గొంతు ఇంకెవరికీ లేదు. ఆ మాట రెండోసారి సగంలో తెగిపోయింది. దుమ్ము కాస్త పల్చబడ్డాక చూస్తే మిరపకాయల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, కట్టు ఊడి వేలాడుతోంది, చెయ్యి ఉండాల్సిన వాలులో లేదు. ఎర్రకాయల మీద ఎర్రది కారుతుంటే ఎంత పోయిందో కూడా తెలియడం లేదు. కర్రలన్నీ ఒక్కసారి కింద పడిన చప్పుడైంది. ఎవరి కర్ర వాళ్ళే పడేశారు, అందులో ఏ కర్ర ఏదో ఇక చెప్పడానికి లేదు.

అత్త చీర చెరగు చించి కొడుకు చేతికి చుట్టసాగింది. అన్నయ్య, భుజం జారిపోయి ఒక చెయ్యి ఆడనివాడు, పరిగెత్తి లారీ తెచ్చాడు; నిమిషం కిందట వాడి పొట్ట చీల్చేస్తానన్న మేనమామే లారీ ఎక్కి, గుంటూరు పోవాల్సిన మిరపకాయల టిక్కీలను పట్టి కింద పారేసి చోటు చేశాడు. పెద్దనాన్న మెడలో కండువా తీసి లారీ చక్రం పక్కన నేల మీద పరిచి నిలబడ్డాడు. కళ్ళు తెరవలేని జనం తడుముకుంటూ వచ్చి రొంటినున్నది, జేబులోది, చెవికున్నది దాని మీద వేసి పోయారు. ఎవరేమి వేశారో వేసినవాడికి తప్ప ఇంకెవరికీ కనబడలేదు. కనబడే కవరు కోసం పట్టుబట్టిన ఆయనే దాన్ని మూటకట్టి, లోపలికి చూడకుండా, చెల్లెలి ఒళ్ళో పెట్టాడు.

చెయ్యి నిలబడలేదు. ఆ రాత్రే మోచేతి పైకంటా తీసేశారు. ముందే ఆశ తక్కువగా ఉండిందని డాక్టరు అన్నాడట, ఆ మాట నిజమో, గుడ్డలన్నీ రక్తమై వరండాలో నిలబడ్డ మా గుంపును చూసి జాలిపడి అన్నదో, ఎవరం గుచ్చి అడగలేదు.

బావను ఇంటికి తెచ్చిన నాలుగో రోజునో అయిదో రోజునో ఎస్సై గారు జీపులో దిగారు. వాడి చేతి మీద కొట్టిందెవరని పేటలో ప్రతి గడపా తొక్కారు. చూడలేదండీ, కళ్ళలో కారం పడింది అని ముసలీ ముతకా అందరూ ఒక్కటే పాఠం అప్పజెప్పారు. మా స్కూల్లో పిల్లలు ఎక్కం ఎప్పుడూ అంత చక్కగా అప్పజెప్పలేదు. ఎవరెంత ఇచ్చారో లోకానికి తెలియాలన్నవాళ్ళూ, తెలియకూడదన్నవాళ్ళూ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఒక్కటైపోయారు. ఆఖరికి ఆయన అత్త ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, నువ్వు అనుమానం ఉన్నవాడి పేరు చెప్పమ్మా చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నారు. అత్త నేలకేసి చూస్తూనే చెప్పింది.

“ఎవరో నాకు తెలియదండీ. మీకు తెలిసినా నాకు చెప్పొద్దు. చెబితే ఆ ఇంటి ఆడవాళ్ళ పక్కన రేపు సాలు పట్టుకుని కాయ కోయలేను. కోయకపోతే వీడికి అన్నం ఎట్లా పెట్టను?”

ఎస్సైగారు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. అత్త ఆ మర్నాడే కోతకు వెళ్ళింది.

బావ కొన్నాళ్ళకు రోడ్డు మీద బస్సులు ఆగేచోట టీకొట్టు పెట్టాడు. ఒంటిచేత్తో టీ కలపడం, గ్లాసులు కడగడం, చిల్లరివ్వడం, ఎదుటివాణ్ణి ఎగతాళి చేయడం అన్నీ నేర్చాడుగానీ, పాలు పోసిన పెద్ద గుండిగను పొయ్యి మీదికి ఎత్తడం ఒక్కటీ ఒక్క చేత్తో అయ్యే పని కాదు. తెల్లవారుజామున మొదట వచ్చినవాడెవడో అడగకుండానే ఎత్తిపెట్టేవాడు. ఒక రోజు మేనమామ, ఒక రోజు అన్నయ్య, ఒక రోజు ముక్కు దూలం వంకరగా అతికినవాడు. పెద్దనాన్న నడుము పడిపోయిన రోజుల్లో కూడా చేతికర్ర గోడకు ఆనించి, ఒక చెవి తను పట్టుకుని ఇంకో చెవి ఎవరిచేతనో పట్టించి ఎత్తేవాడు. బావ ఎవరికీ దండం పెట్టేవాడు కాదు, ఎవరూ అతని మొహంలోకి చూసేవాళ్ళు కాదు. ఆ కర్ర ఎవరిదో తేలిపోయి ఉంటే ఆ ఒక్కడే జీవితమంతా గుండిగ ఎత్తేవాడు, మిగతావాళ్ళు కాళ్ళూపుకుంటూ టీ తాగేవాళ్ళు. తేలలేదు కాబట్టి పేటంతా ఎత్తింది. వాళ్ళలో ఒకడు తన దెబ్బకే ఎత్తి ఉంటాడు. మిగతావాళ్ళు తమది కాదని గట్టిగా చెప్పలేక ఎత్తి ఉంటారు.

ఇప్పుడు వాళ్ళలో చాలామంది లేరు. అత్త వెళ్ళిపోయింది, పెద్దనాన్న వెళ్ళిపోయాడు, మేనమామకు ఊపిరితిత్తులు పాడై మంచం దిగడం లేదు. కొట్లాటలు పోయాయి, అది మంచిదే. పగిలిన తలను పొగడటం నా వయసువాడికి తగదు. వాళ్ళ పిల్లలు మంచివాళ్ళు, నెమ్మదస్తులు, బండి ఆపి టీ తాగి ఫోను చూపించి డబ్బు కట్టి థ్యాంక్స్ బాబాయ్ అని వెళ్ళిపోతారు. ఆ గుండిగ ఎందుకు ఎత్తాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పుకునే సంగతి కూడా కాదాయె.

పోయిన నెల అటువైపు వెళ్ళినప్పుడు బావ కొట్టు దగ్గర దిగాను. పొయ్యి మీద గుండిగ లేదు, చిన్న గిన్నె ఉంది, నాలుగు టీలకు మించి పాలు పట్టవు. ఇదేమిటి బావా అంటే, ఇప్పుడు బేరం అంతగా లేదులేరా అన్నాడు. బేరం లేకపోవడమేమీ లేదు, నేనున్నంతసేపూ జనం వస్తూనే ఉన్నారు. అతను ఆ గిన్నెను నింపుతూనే ఉన్నాడు, ఒక్క చేత్తోనే ఎత్తుతూ దించుతూనే ఉన్నాడు.